పర్సనాలిటీ డిజార్డర్ అని రాశారు, మరి ఏ థెరపీకి పోవాలి? పాలమూరు, నల్గొండ వైపు వాళ్ల కోసం ఒక పోలిక

చీటీ మీద "బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్" (భావోద్వేగాలు, మనుషులతో సంబంధాలు నిలకడగా ఉండని మానసిక సమస్య) అనో, దానికే ఇంకో పేరు "ఎమోషనల్లీ అన్‌స్టేబుల్" అనో రాసి, రెండు రకాల మాత్రలు రాసి, "థెరపీ కూడా తీసుకోండి" అని చెప్పి డాక్టర్ గారు తర్వాతి పేషెంట్‌ను పిలిచేస్తారు. అసలు తిప్పలు అక్కడే మొదలవుతాయి. ఫోన్‌లో వెతికితే డీబీటీ, ఎంబీటీ, స్కీమా, సీబీటీ అని వరసగా పేర్లు వస్తాయి, చదివితే అవన్నీ ఎక్కడో అమెరికాలోనో లండన్‌లోనో ఉన్నవాళ్లకు రాసినట్టే ఉంటాయి, మనమేమో దేవరకొండలోనో కొల్లాపూర్‌లోనో కూర్చుని చదువుతుంటాం. నేను డాక్టర్‌ను కాదు. ఈ డయాగ్నసిస్‌తో నల్గొండ దగ్గర బతుకుతున్న మనిషిని, సర్కారు దవాఖాన, హైదరాబాద్ ప్రైవేటు, ఆన్‌లైన్ మూడూ చూసినదాన్ని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: థెరపీ పేరేంటి అన్నదానికన్నా, అది మీ ఊరి నుంచి, మీ జేబుతో, ఏడాది పాటు సాగుతుందా అన్నదే ఎక్కువ ముఖ్యం. కింద రాసినదంతా ఆ లెక్కలోనే చదవండి.

ఇంకో మాట కూడా ముందే. చచ్చిపోవాలన్న ఆలోచన ఇప్పుడు గట్టిగా ఉంటే ఈ పోలికలన్నీ పక్కన పెట్టి సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే 108 లేదా 112. పత్తి, వరి వేసే ఇళ్లలో పురుగుల మందు డబ్బాలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, వాటిని ఇంట్లోంచి తీసి వేరే వాళ్ల దగ్గర తాళంలో పెట్టించడం ఏ థెరపీకన్నా ముందు జరగాలి. ఇంట్లో వాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఆ పని మీదే, పేషెంట్‌ది కాదు.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

అన్నిటికన్నా పైన పెట్టాల్సింది ఇది: ఒకే మనిషి దగ్గర, వారం వారం, చాలా నెలలు. నాలుగు సిట్టింగుల్లో తేలే పని కాదు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, బార్డర్‌లైన్ కోసమని మూడు నెలలకన్నా తక్కువ థెరపీ పెట్టొద్దనే రాశారు. కాబట్టి "పది సెషన్ల ప్యాకేజీలో పూర్తిగా నయం" అని ఎవరైనా చెబితే నవ్వి లేచి రావచ్చు. అలాగని ఇది జీవితాంతం పోనిదీ కాదు. మేరీ జనరిని అనే పరిశోధకురాలు బార్డర్‌లైన్ ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు, 2010లో ప్రచురించిన పదేళ్ల ఫలితాల్లో 93 శాతం మందికి లక్షణాలు కనీసం రెండేళ్ల పాటు తగ్గి నిలబడ్డాయి. లక్షణాలు తగ్గడంతో పాటు ఉద్యోగం, మనుషులతో సంబంధాలు కూడా గాడిలో పడ్డవాళ్లు మాత్రం సగం మందే. ఆ రెండో అంకెను కూడా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే లక్షణాలు తగ్గించే థెరపీ వేరు, పని, చదువు, సంసారం నిలబెట్టే థెరపీ వేరు అన్న తేడా కింద వస్తుంది.

తర్వాత భాష. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అమ్మతో తెలుగులో గొడవ పడి, తెలుగులో ఏడ్చి, ఆ సంగతిని థెరపిస్టుకు ఇంగ్లీష్‌లో చెబితే, పరీక్షలో వ్యాసం రాసినట్టు నీట్‌గా వస్తుంది, లోపలి మంట అక్కడే ఉండిపోతుంది. హైదరాబాద్‌లో మంచి పేరున్న కొందరు ఇంగ్లీష్, హిందీలోనే మాట్లాడతారు. మన మాట అర్థమయ్యే మనిషి కొంచెం తక్కువ పేరున్నా నా ఓటు వాళ్లకే. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి వచ్చేవాళ్లకు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఈ లెక్క ఇంకా పెద్దది.

ప్రయాణం సంగతి. నల్గొండ నుంచీ మహబూబ్‌నగర్ నుంచీ హైదరాబాద్ ఇంచుమించు వంద కిలోమీటర్లు. యాభై నిమిషాల సెషన్ కోసం పొద్దున బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి సాయంత్రం, అంటే ఒక రోజు కూలి పాయె, లేదా ఒక సెలవు పాయె. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు పడవు కాబట్టి కనీసం చార్జీ గొడవ లేదు, మగవాళ్లకు అది కూడా కలుపుకోవాలి. వారం వారం పోగలరా అని మొదటి వారం ఉత్సాహంలో కాదు, వర్షాకాలంలో నాట్లు పడే వారాన్ని తలుచుకుని లెక్కేయండి.

డబ్బు. ప్రైవేటులో సెషన్‌కు వెయ్యి పైన అడగడం మామూలే. 1,200 అనుకుని ఏడాదికి యాభై సెషన్లు లెక్కేస్తే 60,000, మందులు, ప్రయాణం వేరే. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు మానసిక జబ్బులను మిగతా జబ్బులతో సమానంగా చూడాలి, కానీ చాలా పాలసీలు అడ్మిట్ అయితేనే డబ్బులిస్తాయి, వారం వారం థెరపీకి ఇవ్వవు. పాలసీ కాగితంలో ఓపీడీ, అంటే అడ్మిట్ కాకుండా చూపించుకునే ఖర్చు, అన్న మాట ఉందేమో చూసుకోండి.

ఆఖరుగా అర్హత. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసినవాళ్లు, మందులు రాసేది వీళ్లే. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, అడిగితే చెప్పాలి. "కౌన్సెలర్" అన్న బోర్డు మాత్రం ఎవరైనా తగిలించుకుంటున్నారు. కౌన్సెలర్లందరూ పనికిరారని కాదు, కానీ ఈ డయాగ్నసిస్‌తో వాళ్ల దగ్గరికి పోయేముందు ఏం చదివారో, ఎవరి పర్యవేక్షణలో చేస్తున్నారో అడగడం మీ హక్కు.

అసలు డయాగ్నసిస్ సరిగ్గా పడిందా అని కూడా ఒకసారి చూసుకోండి. మూడ్ మారడం చూసి బైపోలార్ అని, బైపోలార్‌ను చూసి బార్డర్‌లైన్ అని రాయడం జరుగుతూ ఉంటుంది. మోటుగా చెప్పాలంటే, బైపోలార్‌లో ఉత్సాహమో దిగులో రోజులు, వారాలు నిలుస్తుంది. బార్డర్‌లైన్‌లో పొద్దున ఒక మాట, ఒక మెసేజ్, ఒక బ్లూ టిక్ వల్ల గంటల్లో తిరగబడుతుంది. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు. అయిదు నిమిషాల ఓపీలో పడిన పేరైతే ఇంకో చోట తీరిగ్గా చూపించుకోండి, తప్పు లేదు.

## మందులా, థెరపీయా

దీని మీద ఎక్కువ రాయను. ఈ డిజార్డర్‌ను నయం చేసే మాత్ర అంటూ లేదు, నైస్ వాళ్లు కూడా బార్డర్‌లైన్ కోసమని మందులు వాడొద్దనే అన్నారు. కానీ దానితో పాటు డిప్రెషన్, ఆందోళన, నిద్ర పట్టకపోవడం ఉంటే వాటికి మందులు పనిచేస్తాయి, అది తగ్గాకే థెరపీలో కూర్చోగలిగేవాళ్లు చాలామంది. చదివేసి మాత్రలు ఆపేయకండి, డాక్టర్‌తో మాట్లాడే ఆపండి. ఒకటి మాత్రం గమనించాలి: ఆల్ప్రాజొలాం లాంటి మాత్రలు కొందరిలో కోపాన్ని, తొందరపాటును ఇంకా పెంచుతాయి, పైగా అలవాటవుతాయి. టెన్షన్ అనగానే మెడికల్ షాపులో తెచ్చి మింగే అలవాటు ఉంటే అది డాక్టర్‌కు చెప్పాల్సిన సంగతి.

## థెరపీలు, ఒక్కొక్కటి

డీబీటీ, అంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. అందరూ మొదట చెప్పే పేరు. సియాటిల్‌లో మార్షా లినెహాన్ తయారు చేశారు, మొదటి పెద్ద పరీక్ష ఫలితాలు 1991లో వచ్చాయి. తాను కూడా చిన్న వయసులో ఇదే బాధతో ఆసుపత్రిలో గడిపానని ఆమె 2011లో బయటపెట్టారు, అది తెలిశాక నాకు ఆ పద్ధతి మీద గౌరవం పెరిగింది. చెయ్యి కోసుకోవడం, చచ్చిపోవాలనిపించడం, కోపంలో చేయకూడనిది చేయడం, ఇవి ముందున్న వాళ్లకు దీనికే రుజువులు ఎక్కువ.

అసలు డీబీటీలో నాలుగు భాగాలుంటాయి: వారానికొక వ్యక్తిగత సెషన్, వారానికొక గ్రూప్ క్లాసు (రెండు గంటల పైన), మధ్యలో కష్టమొస్తే థెరపిస్టుకు ఫోన్, థెరపిస్టులంతా కలిసి కూర్చుని మాట్లాడుకునే టీమ్. క్లాసుల్లో నేర్పేవి కూడా నాలుగే: ఇప్పుడున్న క్షణంలో నిలబడటం, ముంచుకొచ్చిన బాధను దాటడం, భావోద్వేగాలను పట్టుకోవడం, మనుషులతో మాట్లాడే పద్ధతి. మామూలుగా ఏడాది. ఈ పూర్తి సెట్టు మన జిల్లా కేంద్రాల్లో దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. హైదరాబాద్‌లో, ఆన్‌లైన్‌లో "డీబీటీ" అని బోర్డు పెట్టుకున్న చాలాచోట్ల ఉండేది వ్యక్తిగత సెషన్‌లో కొన్ని నైపుణ్యాలు నేర్పడమే. అది మోసం కాదు, దానికీ ఉపయోగం ఉంది, కానీ పూర్తి డీబీటీ డబ్బులు అడిగితే "గ్రూప్ ఉందా, ఫోన్ ఎత్తుతారా" అని అడగండి.

ఇందులో డైరీ కార్డు అని ఒకటుంటుంది. రోజూ కోపం ఎంత, దిగులు ఎంత, కోసుకోవాలన్న కోరిక ఎంత, ఏ నైపుణ్యం వాడారు అని సున్నా నుంచి అయిదు దాకా అంకెలు వేయాలి. నాకిచ్చిన కార్డు ఇంగ్లీష్‌లో ఉండేది, అందుకని మా తమ్ముడి పాత లాంగ్ నోట్‌బుక్‌లో నేనే గీతలు కొట్టుకుని "కడుపుల మంట", "ఎవరూ వద్దనిపించుడు", "ఫోన్ ఇసిరేయాలనిపించుడు" అని గళ్లకు పేర్లు పెట్టుకున్నాను. థెరపిస్టు ఆ నోట్‌బుక్ చూసి, శుక్రవారాలు అన్నింటా మంట గడిలో నాలుగు, అయిదు ఉన్నాయని చూపించింది. శుక్రవారం మా ఇంటికి ఎవరొస్తారో నాకు తెలుసు, కానీ గళ్లలో వరసగా కనబడేదాకా ఆ రెండూ కలిపి ఆలోచించలేదు. డీబీటీ అంటే చాలావరకు ఇలాంటి చిన్న, విసుగు పుట్టించే పని. రాయడం, హోమ్‌వర్క్ అంటే ఒళ్లుమంట ఉన్నవాళ్లు ఇది ఎంచుకుంటే రెండో నెలలో మానేస్తారు.

ఎంబీటీ, అంటే మెంటలైజేషన్ బేస్డ్ థెరపీ. లండన్‌లో ఆంథొనీ బేట్‌మన్, పీటర్ ఫోనగీ తయారు చేసినది, 1999లో మొదటి ఫలితాలు. ఎదుటివాళ్ల మనసులో ఏముందో, మన మనసులో ఏముందో ఆవేశంలో తప్పుగా చదివేస్తాం, అక్కడ ఆగి మళ్లీ చూసుకోవడం నేర్పుతుంది. "వాడు ఫోన్ ఎత్తలేదు, అంటే నన్ను వదిలేశాడు" అన్న చోట థెరపిస్టు బ్రేకు వేస్తారు. మామూలుగా పద్దెనిమిది నెలలు, వారానికి వ్యక్తిగత సెషన్ ఒకటి, గ్రూప్ ఒకటి. హోమ్‌వర్క్ తక్కువ, సంబంధాల్లోనే గొడవంతా ఉన్నవాళ్లకు బాగుంటుంది. మన దగ్గర దీనిలో శిక్షణ ఉన్నవాళ్లు అరుదు.

స్కీమా థెరపీ. జెఫ్రీ యంగ్ రూపొందించారు. చిన్నప్పటి దెబ్బలు ఇప్పటి మనుషుల మీద ఎలా పడుతున్నాయో చూస్తుంది. "నేను పనికిరాను", "ఎవరైనా వదిలేస్తారు" అన్న లోపలి నమ్మకాల దగ్గరికి పోయి, ఊహలో పాత సంఘటనల్లోకి దిగి పని చేస్తుంది. నెదర్లాండ్స్‌లో 2006లో వచ్చిన అధ్యయనంలో వారానికి రెండుసార్లు, మూడేళ్లు చేశారు, ఫలితాలు బాగా వచ్చాయి. ఆ మూడేళ్లు, ఆ రెండుసార్లు మన జేబుకు కష్టం. బార్డర్‌లైన్ కాకుండా జనాన్ని తప్పించుకు తిరిగే అవాయిడెంట్, ఒకరి మీదే ఆధారపడే డిపెండెంట్, అన్నీ పర్ఫెక్ట్‌గా ఉండాలనే రకాలకు కూడా దీనికి రుజువులున్నాయి, అది దీని పెద్ద బలం. నిన్నమొన్నే చచ్చిపోవడానికి ప్రయత్నించినవాళ్లు మాత్రం నేరుగా చిన్నప్పటి గాయాల్లోకి దిగొద్దు, ముందు నిలదొక్కుకోవాలి.

టీఎఫ్‌పీ, అంటే ట్రాన్స్‌ఫరెన్స్ ఫోకస్డ్ సైకోథెరపీ. ఓటో కెర్న్‌బర్గ్ పద్ధతి, వారానికి రెండుసార్లు, థెరపిస్టుతో మీ సంబంధంలోనే సమస్యను చూస్తారు. లోతైనదే. మన వైపు నుంచి వారానికి రెండుసార్లు అంటే ఆన్‌లైన్‌లో తప్ప కుదరదు, వదిలేస్తున్నా.

జీపీఎం, అంటే గుడ్ సైకియాట్రిక్ మేనేజ్‌మెంట్. పేరు ఎవరూ ఎత్తరు కానీ మన జిల్లాలకు నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. బోస్టన్ దగ్గర జాన్ గండర్సన్ తయారు చేశారు. ప్రత్యేక కేంద్రాలు లేని చోట మామూలు సైకియాట్రిస్టు, సైకాలజిస్టు చేయగలిగేలా రూపొందించినది. వారానికొకసారి కూర్చుంటారు, జబ్బేంటో పేషెంటుకూ ఇంటివాళ్లకూ అర్థమయ్యేలా చెబుతారు, మందులు పొదుపుగా వాడతారు, మాటిమాటికీ అడిగేది ఒకటే: చదువుకు పోతున్నావా, పనికి పోతున్నావా, ఈ వారం ఏమైంది. టొరంటోలో 180 మంది మీద దీన్నీ డీబీటీనీ పక్కపక్కన పెట్టి ఏడాది చూశారు, 2009లో ఫలితాలొచ్చాయి, రెండింట్లోనూ జనం మెరుగయ్యారు, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే డీబీటీ దొరకలేదని దిగులు పడి ఏమీ చేయకుండా కూర్చోవడానికి కారణం లేదు. మీ సైకియాట్రిస్టుకు ఓపిక ఉంటే "జీపీఎం పద్ధతిలో చేయగలరా సార్" అని అడగండి, పేరు వినకపోయినా పద్ధతి చెబితే చాలామంది ఒప్పుకుంటారు. పైన చెప్పిన రెండో అంకె, ఉద్యోగం, సంసారం నిలబడటం, దాని మీద నేరుగా గురిపెట్టేది కూడా ఇదే.

స్టెప్స్, సీబీటీ. స్టెప్స్ అనేది ఇరవై వారాల క్లాసు లాంటిది, ఇంటివాళ్లను కూడా కలుపుకుంటుంది, నడుస్తున్న చికిత్సకు తోడుగానే తప్ప విడిగా కాదు. మామూలు సీబీటీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, మన దగ్గర అన్నిటికన్నా తేలిగ్గా దొరుకుతుంది, అవాయిడెంట్ రకానికి, అంటే నలుగురిలో మాట్లాడాలంటే వణికేవాళ్లకు, మెల్లమెల్లగా ఎదుర్కొనే అభ్యాసంతో బాగా పనికొస్తుంది. బార్డర్‌లైన్‌కు ఒక్క సీబీటీ సరిపోతుందని నేను అనుకోను.

| థెరపీ | ఎవరికి సరిపోతుంది | ఎంత కాలం | మన వైపు దొరకడం |
|---|---|---|---|
| డీబీటీ | కోసుకోవడం, ఆత్మహత్య ఆలోచనలు, ఆవేశం | ఏడాది | పూర్తి సెట్టు కష్టం, నైపుణ్యాల వరకు ఆన్‌లైన్‌లో |
| ఎంబీటీ | సంబంధాల్లోనే గొడవలు | పద్దెనిమిది నెలలు | అరుదు |
| స్కీమా | పాత గాయాలు, అవాయిడెంట్, డిపెండెంట్ రకాలు | ఏడాది నుంచి మూడేళ్లు | హైదరాబాద్, ఆన్‌లైన్, ఖర్చు ఎక్కువ |
| జీపీఎం | పని, చదువు దెబ్బతిన్నవాళ్లు, దూరం పోలేనివాళ్లు | ఏడాది, అవసరాన్ని బట్టి | ఓపికున్న సైకియాట్రిస్టు ఉంటే జిల్లాలోనే |
| సీబీటీ | అవాయిడెంట్, ఆందోళన | నెలలు | అన్నిటికన్నా సులువు |

## ఎక్కడికి పోవాలి

జిల్లాలోని సర్కారు దవాఖాన. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తికీ వచ్చాయి. సైకియాట్రీ ఓపీ రోజులు కనుక్కుని పొండి. మందులు ఉచితం, దగ్గర, ఇంట్లో ఏదో ఒకటి చెప్పి వచ్చేయొచ్చు. ఇబ్బంది ఏమంటే రద్దీ, పైగా ఈసారి చూసిన డాక్టర్ వచ్చేసారి ఉండకపోవచ్చు. తెలిసినవాళ్లు కనబడతారన్న భయం ఇంకోటి, మన ఊళ్లలో అది చిన్న విషయం కాదు. రద్దీ తగ్గిన వేళ అడిగి, అదే డాక్టర్ ఉండే రోజులు పట్టుకుంటే జీపీఎం పద్ధతి ఇక్కడే నడుస్తుంది.

బీబీనగర్ ఎయిమ్స్. నల్గొండ, మిర్యాలగూడ వాళ్లకు రైలు మార్గం బీబీనగర్ మీదుగానే పోతుంది, ఏ బండి అక్కడ ఆగుతుందో ముందు చూసుకోవాలి. డయాగ్నసిస్ తీరిగ్గా తేల్చుకోవడానికి, మందులు సరిచూసుకోవడానికి మంచిది. పాలమూరు వాళ్లకు మాత్రం అడ్డం తిరిగి పోవాలి.

ఎర్రగడ్డ. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. పేరు చెబితేనే ఇంట్లో గొల్లుమంటారు, "పిచ్చాసుపత్రికా?" అని. ఓపీకి పోయిన ప్రతివాళ్లనూ లోపల పెట్టేయరు, చీటీ రాయించుకుని, మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. నల్గొండ బస్సులో ఎల్బీనగర్‌లో దిగినా, పాలమూరు బస్సులో ఎంజీబీఎస్‌లో దిగినా, ఒకే మెట్రో లైన్ నేరుగా ఎర్రగడ్డకు పోతుంది. ప్రమాదం ఎక్కువున్నప్పుడు, అడ్మిషన్ అవసరమైనప్పుడు దీన్ని తీసిపారేయొద్దు. వారం వారం నిదానంగా మాట్లాడే థెరపీకి మాత్రం రద్దీ అడ్డం.

నిమ్హాన్స్, బెంగళూరు. మహబూబ్‌నగర్ నుంచి బెంగళూరుకు రైళ్లున్నాయి, కొందరికి హైదరాబాద్ కన్నా అక్కడే పేరుమీద నమ్మకం. ఒకసారి పోయి పూర్తి పరీక్ష చేయించుకుని, ఏం చేయాలో రాయించుకుని వచ్చి, దాన్ని ఇక్కడ నడిపించుకోవడం తెలివైన పని. వారం వారం పోయేది కాదు.

ఆన్‌లైన్. దూరం, చార్జీ, ఎవరైనా చూస్తారన్న భయం, మూడూ పోతాయి. ఇందులో అసలు చిక్కు చోటు. రెండు గదుల ఇంట్లో తలుపేసుకుని గంట మాట్లాడితే ఎవరితోనని అడగరా? నేను మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక కూర్చునేదాన్ని. అమ్మ మిరపకాయలు ఆరబోయడానికి వచ్చి "ఎవరితోనే గంటసేపు?" అనేది, "ఆఫీసు మీటింగ్" అనేదాన్ని, థెరపిస్టు చెవిలో నవ్వేది. ఏడుపొచ్చే రోజు ఆ ట్యాంకు కూడా సరిపోదు. బడి అయ్యాక ఖాళీగా ఉండే గది, స్నేహితురాలి ఇల్లు, ఆగి ఉన్న కారు, ఏదో ఒకటి ముందే ఖాయం చేసుకున్నాకే డబ్బు కట్టండి. ఇంకో షరతు: ఆన్‌లైన్ వాళ్లకు మీ ఊరు, దగ్గర్లోని దవాఖాన, మీ ఇంట్లో ఒకరి నంబర్ ఇచ్చి ఉండాలి. అవి అడగని థెరపిస్టును నేను నమ్మను.

## మీ పరిస్థితిని బట్టి

మహబూబ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పిల్ల, ఇంట్లో తెలియదు, చేతిలో డబ్బు లేదు. మెడికల్ కాలేజీ ఓపీ, దానితో పాటు టెలీ మానస్, డీబీటీ నైపుణ్యాల పుస్తకం గానీ వీడియోలు గానీ తోడు. పద్దెనిమిదేళ్లు దాటితే మీ వివరాలు మీ ఒప్పుకోలు లేకుండా ఇంట్లో చెప్పకూడదని 2017 చట్టమే అంటుంది, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలు మాత్రమే మినహాయింపు.

పెళ్లయి, పిల్లలుండి, అత్తగారింట్లో ఉన్నవాళ్లకు నేను ఆన్‌లైన్‌కన్నా నేరుగా పోవడమే చెబుతా, బస్సు ఉచితం కాబట్టి కూడా, ఇల్లు దాటి ఆ రెండు గంటలు దొరకడమే సగం మందు కాబట్టి కూడా. భర్తను ఒక్కసారి డాక్టర్ దగ్గర కూర్చోబెట్టగలిగితే "పొగరు", "నాటకాలు" అన్న మాటలు కొంచెం తగ్గుతాయి. కొట్టే ఇల్లయితే ముందు థెరపీ కాదు, 181 మహిళా హెల్ప్‌లైన్.

ఏడాదిలో సగం ముంబై, పుణెలో పనికి పోయే పాలమూరు వాళ్లకు ఒకే ఊళ్లో ఒకే గది అన్న షరతు కుదరదు. ఫోన్‌లో అందే ఒకే మనిషిని పట్టుకోండి, మందుల చీటీ ఫోటో దగ్గరుంచుకోండి, వారం తప్పినా పర్వాలేదు, మనిషి మారకూడదు.

కల్లు, మందు రోజూ పడేవాళ్లు. ఇది మన రెండు జిల్లాలకు ప్రత్యేకంగా రాయాలి. కల్తీ కల్లులో ఆల్ప్రాజొలాం, డయాజెపాం లాంటివి కలుపుతారన్నది ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. దాన్ని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడొచ్చు. కాబట్టి థెరపీ కోసమని రాత్రికి రాత్రి మానకండి, ముందు డాక్టర్‌కు ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పండి, మందులతో మెల్లగా దించుతారు. ఆ తర్వాతే, లేదా దానితో కలిపి, థెరపీ.

బార్డర్‌లైన్ కాకుండా ఎవరినీ నమ్మలేని పారనాయిడ్ రకమో, జనంతో పని లేదనే స్కిజాయిడ్ రకమో అని రాసి ఉంటే, గ్రూప్ ఉన్న థెరపీలతో మొదలుపెట్టొద్దు. ఒకే మనిషి, తొందర లేని మాట, అంతే చూసుకోండి.

అమ్మానాన్నలకు ఒక మాట. గుట్ట మీది దర్గాకు తీసుకెళ్లండి, మైసమ్మకు మొక్కండి, ఎవరూ వద్దనరు, బిడ్డకు కూడా అక్కడ నెమ్మది దొరకవచ్చు. కానీ దానికోసం మందులు ఆపించకండి, కట్టేయించకండి, కొట్టించకండి.

## మొదటి సిట్టింగ్‌లో ఏం అడగాలి

ఇదివరకు ఈ డయాగ్నసిస్ ఉన్నవాళ్లను చూశారా, ఏ పద్ధతిలో చేస్తారు, వారం వారం నాకు టైమ్ ఉంటుందా, రాత్రి తట్టుకోలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లో వాళ్లకు ఏం చెబుతారు ఏం చెప్పరు. ఈ ప్రశ్నలకు చిరాకు పడే మనిషి మీకు వద్దు. "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అన్న కౌన్సెలర్ ఒకరు నాకు తగిలారు, నేను చెప్పినవన్నీ అదే సాయంత్రం మా నాన్నకు ఫోన్ చేసి చెప్పారు కూడా. అక్కడికి మళ్లీ పోలేదు.

అలాగని మొదటి కోపానికే థెరపిస్టును మార్చకండి. ఈ జబ్బులో థెరపిస్టు మొదట దేవుడిలా, మూడో వారానికి దుర్మార్గుడిలా కనిపించడం మామూలే, ఆ కోపాన్ని వాళ్ల ముందే చెప్పడం థెరపీలో భాగం. మూడు నెలలు పోయాక కూడా రాతలో, మాటలో, నిద్రలో ఏ మార్పూ లేకపోతే, అప్పుడు మార్పు గురించి మాట్లాడండి, చెప్పకుండా మాయమైపోవద్దు. ఏం చేశారో ఒక పేజీలో రాసిమ్మని అడగండి, మీ వైద్య రికార్డులు అడిగే హక్కు చట్టం ఇచ్చింది. కొత్త చోట తారీఖు ఖాయమయ్యాకే పాత చోట ఆఖరి సిట్టింగ్ పెట్టుకోండి, ఆ మధ్య రోజులకు మాత్రలు సరిపోతాయో లేదో కూడా లెక్క చూసుకోండి.